నలుగురితో కలిసి భయపడటం ఎలా?

దెయ్యాల ఆట ఆడదామని గ్రూపులో వారం నుంచి అనుకుంటారు. తీరా ఆడాక ఈ మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. నలుగురూ జోకులు వేసుకుంటూ కూర్చుంటారు, ఎవరికీ భయం వేయదు. లేదా ఒకరు బాగా బెదిరిపోయి, "అమ్మ పిలుస్తోంది రా" అని లేచి వెళ్లి మళ్లీ కనిపించరు. లేదా ఆట తెలిసినవాడొక్కడే అన్నీ చేసేస్తుంటే మిగతా ముగ్గురూ వాడి వెనకాల నడుస్తుంటారు. మీ జట్టులో ఏది జరిగింది?

ఏది జరిగినా మనం చివరికి అనేది ఒకటే: "గేమ్ బాలేదు." చాలాసార్లు గేమ్ బాగానే ఉంటుంది. చీకటి, చప్పుడు, వెనక నుంచి వచ్చే అడుగులు అన్నీ అది తన వంతుగా తెచ్చి పెడుతుంది. ఆ భయం సరదా అవుతుందా, బెదురుగా మిగిలిపోతుందా అన్నది మాత్రం ఆడేవాళ్లు చేసుకునే ఏర్పాట్లను బట్టి ఉంటుంది.

నాలుక మండిపోతున్నా ఆవకాయ ఇంకో ముద్ద ఎందుకు కలుపుకుంటాం? అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ మిరపకారం మీద మనుషులకు ఇష్టం ఎలా పుడుతుందో చాలాకాలం పరిశీలించారు. ఒళ్లు "ప్రమాదం" అని మొత్తుకుంటుంటే, అది ఉత్తుత్తిదేనని బుర్రకు తెలిసి ఉండటంలోనే ఆ ఆనందం ఉందని ఆయన వివరించారు. భయపెట్టే ఆటల సంగతీ అంతే. గుండె దడదడలాడుతుంటుంది, అరచేతులకు చెమట పడుతుంటుంది, మనం మాత్రం మన గదిలో మన కుర్చీలోనే ఉన్నామని తెలుస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి నడుస్తున్నంతసేపే సరదా. కుర్చీ సంగతి మరిచిపోతే బెదురు. గుండె అసలు కదలకపోతే విసుగు. ఇక్కడ చెప్పే చిట్కాలన్నీ ఆ రెండింటినీ కలిపి నడిపించడానికే.

1. మీరు ఏ రకమో ముందే చెప్పేయండి

డెన్మార్క్‌లోని వైలే పట్టణంలో డిస్టోపియా అనే స్కేరీ హౌస్ ఉంది. అక్కడికి వచ్చిన 280 మందితో ఆర్హుస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పరిశీలన చేశారు. వీలైనంత ఎక్కువ భయపడతారా, వీలైనంత భయాన్ని అణచుకుంటారా, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బయటికి వచ్చాక రెండు రకాలవాళ్ల సంతృప్తీ ఇంచుమించు సమానంగానే ఉంది.

దీనివల్ల మీకేం లాభం? గట్టిగా కేకలు పెట్టేవాళ్లే ఆటను బాగా ఆస్వాదిస్తున్నట్టు, దిండు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నవాళ్లు ఆటను పాడుచేస్తున్నట్టు అనుకోనక్కరలేదు. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పాలి. "నాకు బాగా భయపడాలని ఉంది." "నేను వస్తా గానీ, వెనకే ఉంటా." ఈ రెండు మాటలకూ ఒకే విలువ. రెండోది చెప్పినవాళ్లను చూసి నవ్వారా, ఆ రాత్రి వాళ్ల భయం బయటపడదు, వాళ్ల సరదా కూడా బయటపడదు.

2. మోతాదు చూసి ఆటను ఎంచుకోండి

అదే డిస్టోపియాలో 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి చేసిన మరో అధ్యయనం 2020లో వచ్చింది. భయం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆనందం తగ్గింది. మధ్యలో ఎక్కడో అది బాగా పండింది. ఆ మధ్య చోటు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి, జట్టులో అందరికంటే మెత్తని గుండె ఎవరిదో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి.

నవ్వు కలిసిన భయం కావాలంటే "లీథల్ కంపెనీ" తీసుకోండి. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఈ ఆటలో నలుగురు కూలీలు పాడుబడ్డ చోట్లకు వెళ్లి, తుక్కు ఏరుకొచ్చి, గడువులోగా కంపెనీకి ఇవ్వాల్సిన వాటా నింపాలి. చావులు కూడా నవ్వు తెప్పిస్తాయి. మెల్లగా పాకే భయం కావాలంటే "ఫాస్మోఫోబియా". 2020లో వచ్చిన ఈ ఆటలో నలుగురు పరిశోధకులు దెయ్యం ఉన్న ఇంట్లోకి వెళ్లి, ఆధారాలు పోగుచేసి, అది ఏ రకం దెయ్యమో తేల్చాలి. వెంటపడి తరిమే భయం కావాలంటే "డెడ్ బై డేలైట్". నలుగురు పారిపోతుంటారు, ఒకరు వేటాడతారు. ఆ వేటగాడు మీ స్నేహితుడే అయితే కథ ఇంకో మెట్టు ఎక్కుతుంది.

మొదటిసారి ఆడేవాళ్లు ఉంటే కఠినత్వాన్ని అన్నిటికంటే కింది మెట్టులో పెట్టండి. ఫాస్మోఫోబియాలో ఆ మెట్టు ఎంచుకుంటే తలుపు తీశాక మొదటి 5 నిమిషాలు దెయ్యం వేటకు దిగదు. గదులు చూసుకోవడానికి, చీకటికి అలవాటు పడటానికి ఆ సమయం చాలు. సెట్టింగ్స్ కూడా ఒకసారి తిరగేయండి. లీథల్ కంపెనీలో సాలీళ్లంటే హడలిపోయేవాళ్ల కోసం ఒక మోడ్ ఉంది. అది పెట్టుకుంటే సాలీడు బొమ్మ పోయి, దాని చోట ఇంగ్లిష్‌లో "స్పైడర్" అన్న అక్షరాలు మీదికి పరిగెత్తుకొస్తాయి. అక్షరాలకు కూడా పారిపోవాల్సిందే! కానీ రాత్రి నిద్ర పడుతుంది.

3. ఆపే మాట ఒకటి పెట్టుకోండి

హారర్ ఆటలో "వద్దు వద్దు", "ఆపరా బాబూ", "నా వల్ల కాదు" అన్న మాటలు నిమిషానికి నాలుగుసార్లు వినిపిస్తాయి. వాటిలో ఏది సరదాకు అన్నారో, ఏది నిజంగా అన్నారో ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే ఆటలో ఎవరి నోటా మామూలుగా రాని ఒక మాటను ముందే అనుకోండి. "కరెంటు పోయింది" అనేది బాగా పనిచేస్తుంది. ఎవరు ఆ మాట అన్నా అందరూ ఆట మీంచి చేతులు తీసేయాలి, లైటు వేయాలి, కారణం అడగకూడదు. నిజంగానే కరెంటు పోయినా చేయాల్సింది అదే కాబట్టి గందరగోళం కూడా లేదు.

ఈ మాట ఉందని తెలిస్తే ఒక తమాషా జరుగుతుంది. పిరికివాళ్లు అనుకున్నవాళ్లే ఇంకో గది లోపలికి వెళ్తారు. కావాలనుకున్నప్పుడు ఆపగలమని తెలిసినవాళ్లకు ముందుకెళ్లే ధైర్యం దానంతటదే వస్తుంది.

4. గదిని సిద్ధం చేయండి

ట్యూబ్‌లైటు కింద, పక్క గదిలో సీరియల్ నడుస్తుంటే ఏ దెయ్యం మాత్రం ఏం చేస్తుంది? పెద్ద లైటు ఆర్పి, చిన్న దీపం ఒకటి వెనకాల ఉంచండి. కటిక చీకటి అక్కరలేదు, కళ్లకూ మంచిది కాదు. టీవీ స్పీకర్ల కంటే హెడ్‌ఫోన్స్ మేలు. అడుగుల చప్పుడు ఎడమ నుంచా, వెనక నుంచా అన్నది తెలిస్తేనే మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. ఆట మొదట్లో బొమ్మ లీలగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ సరిచేసుకోమని అడిగితే అలాగే చేయండి. భయమేసి దాన్ని పైకి పెంచేస్తే ఆట సగం అక్కడే చచ్చిపోతుంది. ఫోన్లు బోర్లా పెట్టేయండి.

వీఆర్ హెడ్‌సెట్‌తో ఆడేటట్టయితే జాగ్రత్తలు ఇంకా పెరుగుతాయి. టీపాయ్ పక్కకు జరపండి, పైన తిరిగే ఫ్యాను ఎంత ఎత్తులో ఉందో చూడండి, పక్కన ఒక మనిషిని కాపలా ఉంచండి. దెయ్యం మీదికొస్తే చేతులు పైకి లేస్తాయి, అది ఎవరి చేతిలోనూ లేని పని. ఒక్కో విడత పావుగంట చాలు. తల తిరిగితే అక్కడితో ఆపేయాలి, "ఓర్చుకుంటే తగ్గుతుంది" అనుకోవద్దు.

5. ఆట లోపలి గొంతుతోనే మాట్లాడుకోండి

చాలామంది చేసే తప్పు ఇది. అలవాటు కొద్దీ డిస్కార్డ్ కాల్ పెట్టుకుని ఆడతారు. అప్పుడు మూడు అంతస్తుల కింద తప్పిపోయిన స్నేహితుడి గొంతు కూడా చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఇక ఒంటరితనం ఎక్కడిది?

లీథల్ కంపెనీ, ఫాస్మోఫోబియా లాంటి ఆటల్లో సొంత వాయిస్ చాట్ ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అవతలివాళ్ల గొంతు సన్నబడుతుంది. లీథల్ కంపెనీలో మీ స్నేహితుడు "ఒరేయ్, ఇక్కడేదో..." అని మాట మధ్యలో ఆగిపోయాడంటే అర్థం మీకు తెలుసు. ఆ తర్వాత వచ్చే రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని మించిన దెయ్యాన్ని ఏ గేమ్ కంపెనీ కూడా తయారు చేయలేదు. పైగా ఆ ఆటలో కళ్లులేని కుక్కలు మీ మైకులోంచి వచ్చే చప్పుడు విని వస్తాయి. మీ వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినా వాటి చెవిన పడుతుంది. ఫాస్మోఫోబియాలో కూడా వేట మొదలయ్యాక అల్మారాలో దాక్కుని నోరు విప్పితే దెయ్యం అటే వస్తుంది. స్నేహితుడు పక్కనే ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడితే ధైర్యం వస్తుంది, మాట్లాడితే దొరికిపోతాం. ఈ ఇరకాటం కోసమే కదా ఆట కొన్నది! డిస్కార్డ్‌తో దాన్ని పోగొట్టుకోకండి. ఆట మొదలయ్యే ముందు, అయిపోయాక మాత్రమే కాల్‌లో కలవండి.

6. అందరికీ ఒక పని ఇవ్వండి

చేతిలో పని లేని మనిషికి భయం ఎక్కువ. ఫాస్మోఫోబియాలో ఒకరికి థర్మామీటరు, ఒకరికి ఈఎంఎఫ్ రీడరు, ఒకరికి దెయ్యం రాసే పుస్తకం ఇవ్వండి. మరీ భయపడేవాళ్లను బయట ట్రక్కులో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి కెమెరాలు చూడొచ్చు, జట్టు మానసిక స్థితి ఎంత శాతానికి పడిపోయిందో చెప్పొచ్చు. చీకట్లో ఉన్నకొద్దీ ఆ అంకె తగ్గుతూ ఉంటుంది. చాలా రకాల దెయ్యాలు జట్టు సగటు 50 శాతం కంటే దిగితే వేటాడగలవు. "అన్నా, 54కి వచ్చారు, లైటు వేసుకోండి" అని ట్రక్కులోంచి చెప్పే చెల్లెలు ఆ రాత్రి అందరికంటే ముఖ్యమైన మనిషి. లీథల్ కంపెనీలో కూలీలను తీసుకొచ్చిన ఓడలోనే ఉండి తెర మీద స్నేహితుల చుక్కలను చూస్తూ, కోడ్ టైపు చేసి తలుపులు తెరిచే పని కూడా ఇలాంటిదే.

రెండు మూడు ఆటలయ్యాక పనులు మార్చండి. "నేనూ ఒకసారి లోపలికి వస్తా" అన్న మాట ట్రక్కులోంచి వస్తే వెంట పెట్టుకెళ్లండి. రాకపోతే అడగొద్దు.

7. జట్టు చిన్నదిగా, దగ్గరివాళ్లతో ఉండనివ్వండి

స్నేహితులు తోడుంటే భయం తగ్గుతుందని అనుకుంటాం కదా? అమెరికాలో కాల్‌టెక్ పరిశోధకులు 156 మంది మణికట్లకు సెన్సర్లు కట్టి, 17 గదులున్న ఒక స్కేరీ హౌస్‌లోకి పంపారు. 2022లో వచ్చిన ఆ అధ్యయనంలో, వెంట స్నేహితులు ఎక్కువగా ఉన్నవాళ్ల ఒంట్లోనే ఉద్వేగం ఎక్కువగా కనిపించింది. ఒకరి గుండె దడ ఇంకొకరికి అంటుకుంటుంది కాబోలు. అందుకే భయపడటానికి తెలిసినవాళ్లే సరైన తోడు. ముగ్గురో నలుగురో చాలు. కొత్తవాళ్లను తీసుకొస్తే ఒక్కరినే తీసుకురండి.

ఊళ్లు దాటి ఆడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్‌లో శనివారం రాత్రి పదిగంటలంటే, వేసవిలో డాలస్‌లో పొద్దున్న పదకొండున్నర. మీకు చీకటి, అక్కడి స్నేహితుడికి కిటికీలోంచి కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ. "నాకేం భయమేయట్లేదు మామా" అంటే అతని ధైర్యాన్ని మెచ్చుకోకండి, కర్టెన్లు వేయమనండి. ఒక వారం మీ రాత్రి, ఒక వారం అతని రాత్రి అని వంతులు పెట్టుకుంటే న్యాయంగా ఉంటుంది. అతని శుక్రవారం రాత్రి తొమ్మిదికి మీకు శనివారం పొద్దున్న ఏడున్నర. ఆ రోజు కర్టెన్లు మీరు వేసుకోండి.

8. మధ్యలో ఊపిరి పీల్చుకోనివ్వండి

2008లో వచ్చిన "లెఫ్ట్ ఫోర్ డెడ్"లో జాంబీల గుంపులను ఎప్పుడు పంపాలో నిర్ణయించే ఒక ఏర్పాటు ఉంది. ఆటగాళ్లు ఎంత ఒత్తిడిలో ఉన్నారో అది లెక్కగడుతుంది. ఒత్తిడి శిఖరానికి చేరగానే కాసేపు ఎవరినీ పంపదు. ఎడతెరిపి లేకుండా భయపెడితే మనిషి మొద్దుబారిపోతాడని ఆట తయారుచేసినవాళ్లకు తెలుసు.

మీరూ అదే చేయండి. ముప్పావుగంటకోసారి లైటు వేయండి, లేచి నీళ్లు తాగండి, మిక్చరో మరమరాలో తినండి. రెండు గంటలు దాటితే అప్పటికి ఎంత బాగున్నా ఆపేయండి. ఇంకొంచెం ఉంటే బాగుండేదని అనిపిస్తుండగానే లేచిన ఆటకు మళ్లీ పిలవనక్కరలేదు.

9. ఆట అయ్యాక పావుగంట ఉంచుకోండి

చివరి ఆట కాగానే "బై రా" అని అందరూ మాయమైపోతే ఆ గుండె దడతో పక్క మీదికి వెళ్లేది ఎవరు? ఆ దడను నవ్వుగా మార్చేది ఆ తర్వాతి కబుర్లే. ఎవరు ఎక్కడ తలుపు మూసేసి పారిపోయారు, ఎవరి కేక పక్కింటిదాకా వినిపించింది, దెయ్యం వెనకే ఉందని తెలియకుండా ఎవరు పాట పాడారు, అన్నీ చెప్పుకోండి.

2024 ఏప్రిల్ 1న వచ్చిన "కంటెంట్ వార్నింగ్" ఈ కబుర్లనే ఆటలో భాగం చేసేసింది. భూగర్భంలోకి దిగి భయంకరమైనవన్నీ కెమెరాలో తీసుకుని, ప్రాణాలతో ఇంటికొచ్చి, అందరూ సోఫాలో కూర్చుని ఆ వీడియో చూసుకోవాలి. అరిచి పారిపోయిన ఘట్టాన్నే పది నిమిషాల తర్వాత పడీపడీ నవ్వుతూ చూస్తారు. జట్టులో ఎవరైనా ఇంకా బిగుసుకుని ఉంటే ఆ రాత్రికి ఆఖరి ఆట ఇదే పెట్టండి.

తరచూ చేసే తప్పులు

కేకలను రికార్డు చేసి స్టేటస్‌లో పెట్టడం. అడిగి పెట్టండి. అడగకుండా పెడితే ఆ మనిషి మళ్లీ మీ ముందు భయపడడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లను వెనక నుంచి వెళ్లి పట్టుకోవడం. ఆటలో భయానికి ఒప్పుకున్నారు, మీ చేతికి ఒప్పుకోలేదు. వీఆర్‌లో ఉన్నవాళ్లతో అయితే ఇది దెబ్బలు తగిలే పని.

యూట్యూబ్‌లో అన్నీ చూసేసి వచ్చి, "ఇప్పుడు ఎడమ తలుపులోంచి వస్తుంది చూడు" అని చెప్పడం. మీ జట్టులో అలాంటి మహానుభావుడు ఉంటే ట్రక్కు ఉద్యోగం ఆయనకివ్వండి.

తమ్ముడో చెల్లెలో పక్కన కూర్చుని చూస్తుంటే "ఆడటం లేదుగా, చూస్తే ఏమవుతుంది" అనుకోవడం. వయసు హెచ్చరిక చూసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. కంట్రోలర్ చేతిలో లేనివాళ్లకు ఆపే అవకాశం కూడా ఉండదని మరిచిపోవద్దు.

భయాన్ని పందెంగా మార్చడం. "ఎవరు ముందు అరిస్తే వాడు బిర్యానీ ఇప్పించాలి" అన్నారంటే అందరూ పెదవులు బిగించి కూర్చుంటారు. ఇక మిగిలేది బిల్లు ఒక్కటే.

ఎప్పుడు మానేయాలి?

మెరిసే వెలుతురుకు మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ ఆటల జోలికి వెళ్లొద్దు. ఫాస్మోఫోబియాలో వేట మొదలైతే తెర మీద లైట్లు గబగబా వెలిగి ఆరుతుంటాయి. మిగతావాళ్లు ఒక్కటి గమనించుకుంటే చాలు. మర్నాటికి ఆ భయం కథగా మారిందా, ఇంకా భయంగానే ఉందా? రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, చీకటి గదిలోకి వెళ్లాలంటే కాళ్లు ఆగిపోతున్నా, మోతాదు మించిందని అర్థం. కొన్నాళ్లు ఆపి, తిరిగి వచ్చేటప్పుడు తేలికైన ఆటతో రండి. అది ఓటమి కింద లెక్కకాదు. బాగా ఆడేవాళ్లకు కూడా పడని ఆటలు కొన్ని ఉంటాయి.

ఈ శనివారమే మొదలుపెట్టండి

ముగ్గురికి ఫోన్ చేయండి. ఒక్కొక్కరినీ "ఎంత భయం కావాలి?" అని అడగండి. అందరిలోకి తక్కువ చెప్పినవారికి సరిపోయే ఆటను ఎంచుకోండి. ఆపే మాట అనుకోండి, పనులు పంచండి, డిస్కార్డ్ కట్టేసి ఆటలోకి దిగండి. ముప్పావుగంట ఆట, పది నిమిషాల విరామం, ఇంకో ముప్పావుగంట ఆట, పావుగంట కబుర్లు. మొదటి రాత్రికి ఇది చాలు.

అయ్యాక ఎవరు ఎన్నిసార్లు అరిచారో లెక్క వేయకండి. "వచ్చే వారం మళ్లీ ఆడదామా?" అని అడగండి. నలుగురూ సరే అంటే మీ మోతాదు కుదిరినట్టే. ముగ్గురే అంటే, అనని ఆ నాలుగో మనిషికి విడిగా ఫోన్ చేసి, ఏది ఎక్కువైందో కనుక్కోండి.